డీజిల్, పెట్రోలు 'మందులు': ఎవరికి లాభం, ఎవరికి దండుగ?

గుంటూరు మిర్చి అయినా, నిజామాబాద్ పసుపు అయినా, ఆదోని పత్తి అయినా యార్డులో పలికిన ధర ఒకటి. దూరప్రాంతపు కొనుగోలుదారు గోదాములో దిగేసరికి పడిన ధర మరొకటి. ఈ రెంటి మధ్య తేడాలో హమాలీ, కమీషను, సెస్సు పోగా మిగిలేది చాలావరకు లారీ కిరాయి. ఆ కిరాయిలో పెద్ద పద్దు డీజిల్‌ది. కనుక "ఇది పోస్తే లీటరుకు అర కిలోమీటరు ఎక్కువ నడుస్తుంది" అంటూ ఎవరైనా ఒక సీసా తెచ్చి బల్లమీద పెడితే, సొంత లారీలున్న వ్యాపారి ఆసక్తి చూపడం సహజమే.

ఇంధనంలో కలిపే ఈ పదార్థాలను ఎడిటివులంటారు. లారీవారి మాటలో అవి 'మందులు'. వీటితో వర్తకులకు రెండు విధాల సంబంధం ఉన్నది. కొని తమ బండ్లలో వాడుకోవడం ఒకటి. డిపాజిట్టు కట్టి ఏజెన్సీ తీసుకొని అమ్మడం రెండవది. మచ్చు చూడనిదే బస్తా కొనని వర్తకుడు సైతం ఈ సరుకు విషయంలో అచ్చువేసిన కాగితం చూసి రొక్కం కట్టడం కద్దు. మిగతా సరుకులకు వలెనే దీనికీ నాణ్యం, తూకం, లెక్క ఉన్నవి. వాటిని వరుసగా పరిశీలిద్దాం.

బంకులో పోసే సరుకు ఎటువంటిది?

మందు సంగతికి ముందు అసలు సరుకు సంగతి తెలియాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్.-6 ఇంధనమే అమ్ముతున్నారు. అంతకు ముందరి బి.ఎస్.-4 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 50 పాళ్ల వరకు ఉండవచ్చు. బి.ఎస్.-6లో అది 10 పాళ్లు మించరాదు. అయితే గంధకాన్ని తీసివేసే శుద్ధిలో డీజిల్‌కు స్వతహాగా ఉండే జిడ్డుతనం కూడా కొంత పోతుంది. పంపు, ఇంజక్టర్ల లోపలి భాగాలకు ఆ డీజిలే కందెన. అందుచేత జిడ్డునిచ్చే పదార్థాన్ని కలిపి ఆ లోటు పూడ్చిన తరువాతనే సరుకును మార్కెట్టుకు వదులుతారు. దీనికి పరీక్ష కూడా ఉన్నది. 60 డిగ్రీల వేడిలో, డీజిల్‌లో మునిగిన ఉక్కు బిళ్లమీద చిన్న ఉక్కు బంతిని రుద్దుతారు. బంతిమీద పడిన అరుగుడు మచ్చ 460 మైక్రాన్లు మించితే సరుకు పనికిరాదు.

డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పేది సీటేన్ సంఖ్య. బి.ఎస్.-6 డీజిల్‌కు అది కనీసం 51 ఉండాలి. పెట్రోలు ఇంజనులో 'టకటక' రాకుండా తట్టుకునే శక్తిని చెప్పేది ఆక్టేన్ సంఖ్య. 2020లో బి.ఎస్.-6 వచ్చినప్పుడు సాధారణ పెట్రోలుకు అది కనీసం 91గా ఉండేది. బంకులలో ఎక్కువ ధరకు అమ్మే ప్రత్యేక రకాలలో శుభ్రపరచే మందులు అదనంగా కలిసే వస్తాయి.

అంటే బంకులో ఇంధనం కొన్నవాడు కొన్ని మందుల ఖరీదు అప్పటికే చెల్లించి ఉన్నాడన్నమాట. బయట సీసా కొనవలసి వస్తే, బంకు సరుకులో లేనిది ఏదో, మన బండికి ప్రత్యేకంగా కావలసినది ఏదో తెలిసి కొనాలి.

జబ్బును బట్టి మందు

'అన్నిటికీ ఒకే మందు' అన్న సీసాను పక్కన పెట్టడం మంచిది. మార్కెట్టులో ఉన్న రకాలు, అవి చేసే పనులు ఇవి.

శుభ్రపరచేవి: డీజిల్ ఇంజక్టరు రంధ్రాలు వెంట్రుకంత సన్ననివి. వాటిమీద మసి, జిగురు పేరుకుంటే చిమ్మే తీరు చెడుతుంది; పొగ పెరుగుతుంది; లాగుడు తగ్గుతుంది. ఇటువంటి బండికి శుభ్రపరచే మందు నిజంగా పని చేస్తుంది. అయితే అది పోగొట్టుకున్న మైలేజీని తిరిగి ఇస్తుందే తప్ప, కొత్త బండికి ఉన్నదానికంటే ఎక్కువ ఇవ్వదు. పెట్రోలు బండ్లకు పాలీఈథర్ అమీన్ అనే రకం పేరుగన్నది. కాని పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్మే కొత్త తరహా ఇంజన్లలో ఇన్‌లెట్ వాల్వులమీద పెట్రోలు పడదు. కనుక ట్యాంకులో ఏ మందు పోసినా ఆ వాల్వుల మసి కడగబడదు. ఈ సంగతి సీసామీద రాయరు.

సీటేన్ పెంచేవి: వీటిలో ప్రధానమైనది 2-ఇథైల్‌హెక్సైల్ నైట్రేట్. చలి ఉదయాన స్టార్టింగు, ఇంజను మోత కొంత మెరుగుపడతాయి. కాని సీటేన్ 51 ఉన్న డీజిల్‌ను మరింత పెంచినంత మాత్రాన మైలేజీ అదే పాళంగా పెరగదు. సీటేన్ చెప్పేది అంటుకునే వేగాన్ని, లీటరులో ఉన్న వేడిని కాదు.

ఆక్టేన్ పెంచేవి: ఇంజను ఎంత ఆక్టేన్ కోరితే అంత పోస్తే చాలు. 91 కోరే స్కూటరులో 100 పోసినా అదనపు లాభం లేదు. ఇక్కడ మాటల గారడీ ఒకటి జరుగుతున్నది. '5 పాయింట్లు పెరుగును' అన్నచోట పాయింటు అంటే ఆక్టేన్ సంఖ్యలో పదవ వంతు అని అర్థం చెప్పుకునే తయారీదారులు ఉన్నారు. ఆ లెక్కన 5 పాయింట్లంటే అర సంఖ్య మాత్రమే.

గడ్డకట్టకుండా చూచేవి: చలికి డీజిల్‌లోని మైనం పేరుకొని ఫిల్టరు మూసుకుపోతుంది. కోస్తా, రాయలసీమ, తెలంగాణ దారులలో తిరిగే బండికి ఈ మందు దండుగ. శీతకాలంలో సరుకు వేసుకొని కాశ్మీరు, హిమాచల్ ఎగువ ప్రాంతాలకు పోయే లారీకి అవసరం పడవచ్చు. మైనం కట్టకముందే పోయాలి. కట్టిన తరువాత పోసి ప్రయోజనం లేదు. లడక్ వంటి చోట్లకు ఇండియన్ ఆయిల్ సంస్థ 2019 నవంబరులో మైనస్ 33 డిగ్రీల వరకు పారే ప్రత్యేక డీజిల్‌ను ప్రవేశపెట్టింది. అది దొరికేచోట అదే పోయించుకోవడం మేలు.

నీటికి, నిల్వకు సంబంధించినవి: మన ప్రాంతపు వర్తకులకు నిజంగా అక్కరకు వచ్చే రకం ఇదే. కోల్డ్ స్టోరేజీలు, జిన్నింగు మిల్లులు, రైసు మిల్లులలో జనరేటర్ల కోసం డీజిల్ నిల్వ ఉంచుతారు. కరెంటు బాగున్న నెలల్లో అది కదలకుండా ఉంటుంది. తేమగాలికి ట్యాంకు అడుగున నీరు చేరుతుంది. నీటికి, డీజిల్‌కు నడుమ పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు తయారవుతుంది. కరెంటు పోయిన రోజున జనరేటరు అందుకోక, లోపలి సరుకు వేడెక్కితే నష్టం డీజిల్‌తో ఆగదు. దీనికి మొదటి చికిత్స మందు కాదు. అడుగు కుళాయి విప్పి నీరు దించడం, ట్యాంకు కడిగించడం. ఆ తరువాతనే సూక్ష్మజీవులను చంపే మందు వేయాలి. మురికి ట్యాంకులో ముందే వేస్తే చచ్చిన జిగురంతా వచ్చి ఫిల్టర్లలో పడుతుంది. నీటి మందుల్లోనూ రెండు రకాలున్నవి. నీటిని విడదీసి అడుక్కు దించేది ఒకటి, డీజిల్‌లో కలిపివేసి ఇంజనుకు పంపేది మరొకటి. అధిక పీడనంతో పనిచేసే కామన్ రైల్ ఇంజన్లకు రెండవ రకం కీడు చేస్తుంది.

ఇథనాల్ పెట్రోలు సంగతి

పెట్రోలులో ఇథనాల్ పాలు 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. దీనితోపాటు 'ఇథనాల్ రక్షణ మందులు' కూడా వచ్చి పడ్డాయి. ఇక్కడ లెక్క స్పష్టం. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల వేడి ఉంటే, లీటరు ఇథనాల్‌లో సుమారు 21 మాత్రమే. ఐదింట ఒక వంతు ఇథనాల్ అయితే లీటరు మొత్తంమీద శక్తి 6, 7 శాతం తగ్గుతుంది. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ కనుక, దానికి తగినట్లు తయారైన ఇంజను ఇందులో కొంత రాబట్టుకోగలదు. కాని ఏ సీసా కూడా ఆ పోయిన వేడిని తెచ్చిపెట్టలేదు. తుప్పును నిరోధించే రకం మందు పాత బండ్లకు, వారాల తరబడి కదలని బండ్లకు కొంత ఉపయోగమే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి అడుక్కు విడిపోతాయి. అలా విడిపోయిన పెట్రోలును మందు తిరిగి కలపలేదు, దించివేయవలసిందే.

మేలు చేయబోయి కీడు చేసేవి

ఈ రంగానికి పెద్ద గుణపాఠం సీసానుంచి, అనగా లెడ్ నుంచి వచ్చింది. 1921లో అమెరికాలో థామస్ మిడ్గ్లీ టెట్రాఇథైల్ లెడ్ కలిపితే ఇంజను టకటక ఆగుతుందని కనుగొన్నాడు. ఇంజనుకు అది మేలే. మనుషులకు మాత్రం విషమైంది. పొగను శుభ్రపరచే కేటలిటిక్ కన్వర్టరును పాడుచేసింది. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి లెడ్ లేని పెట్రోలే అమ్మకానికి వచ్చింది. చిట్టచివరగా అల్జీరియా 2021లో మానివేసింది.

నేటి సీసాలలో లెడ్ లేకపోవచ్చు. కాని ఎం.ఎం.టి. అనే మాంగనీసు పదార్థం, ఫెర్రోసీన్ అనే ఇనుప పదార్థం ఆక్టేన్ పెంచేందుకు వాడే రకాలున్నవి. లోహం కాలిపోదు, బూడిదై స్పార్క్ ప్లగ్గుమీద, కన్వర్టరులో పేరుకుంటుంది. బి.ఎస్.-6 డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టరు ఉన్నది. మసిని అది కాల్చుకోగలదు, లోహపు బూడిదను కాల్చలేదు. పాత లారీలలో డీజిల్‌తో ఇంజనాయిలు, 2-టి ఆయిలు కలిపి పోసే అలవాటు కొందరికి ఉండేది. బి.ఎస్.-6 బండిలో ఆ అలవాటు ఫిల్టరుకు చేటు.

ఇక కిరసనాయిలు కలపడం మందు కాదు, కల్తీ. అది డీజిల్ జిడ్డును తగ్గించి పంపును అరగదీస్తుంది. నిత్యావసర వస్తువుల చట్టం కింద 2005లో వచ్చిన పెట్రోలు, డీజిల్ ఉత్తర్వు ప్రకారం కల్తీ సరుకు అమ్మడం నేరం.

బి.ఎస్.-6 లారీలకు పోసే డి.ఇ.ఎఫ్. కూడా మందుల జాబితాలోకి రాదు. అది శుద్ధమైన నీటిలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రావణం. దానికి వేరే ట్యాంకు ఉంటుంది. అది పొగ గొట్టంలోకి పోతుంది, ఇంజనులోకి కాదు. పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే బండిని స్టార్టు చేయకుండా ట్యాంకు దించి కడిగించాలి. ఎరువుల వర్తకులు మరొక విషయం గమనించాలి. 2015 నుంచి రైతులకిచ్చే యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి అయింది. ఆ బస్తా విప్పి నీటిలో కలిపి డి.ఇ.ఎఫ్.గా అమ్మితే లారీ యజమాని కేటలిస్టు పాడవుతుంది. సబ్సిడీ యూరియాను మళ్లించిన నేరం వర్తకుని మీద పడుతుంది.

సీసా ధర కాదు, లీటరుకు పడే ధర

ఇక అసలు లెక్కకు వద్దాం. సీసామీద ధర చూసి చౌక, ప్రియం అనుకోరాదు. ఎన్ని లీటర్ల ఇంధనానికి ఒక సీసా సరిపోతుందో చూడాలి. ఉదాహరణకు 300 రూపాయల చిన్న సీసా 40 లీటర్లకు సరిపోతే లీటరుకు ఏడున్నర రూపాయలు పడింది. 1,800 రూపాయల పెద్ద సీసా 1,000 లీటర్లకు సరిపోతే రూపాయి 80 పైసలే. ఆరు రెట్లు ధర ఉన్న సీసా నాల్గవ వంతు ఖర్చుకే వచ్చింది.

తరువాత, ఎంత లాభం వస్తే ఖర్చు గిట్టుతుందో లెక్క కట్టాలి. సులువు కోసం డీజిల్ లీటరు 100 రూపాయలనుకుందాం. లారీ నెలకు 8,000 కిలోమీటర్లు, లీటరుకు 4 కిలోమీటర్ల చొప్పున నడిస్తే 2,000 లీటర్లు, అనగా 2 లక్షల రూపాయల డీజిల్. మందు లీటరుకు 2 రూపాయలు పడితే నెలకు 4,000 రూపాయలు. ఇది డీజిల్ ఖర్చులో 2 శాతం. కనుక మైలేజీ 4 నుంచి 4.08కి పెరిగితేనే పెట్టుబడి తిరిగి వస్తుంది. అంతకు పైన పెరిగినదే లాభం. లీటరుకు 80 మీటర్లన్నమాట.

80 మీటర్లే కదా అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉన్నది. 300 లీటర్ల ట్యాంకు నింపేటప్పుడు బండి ఒక పక్కకు ఒరిగి ఉన్నా, నురుగు తగ్గకముందే నాజిల్ తీసినా 6 లీటర్ల తేడా రావచ్చు. అదీ 2 శాతమే. బరువు, ఎదురుగాలి, టైర్లలో గాలి, ఘాట్ రోడ్డు, డ్రైవరు కాలు - వీటిలో ఏ ఒక్కటైనా అంతకంటే ఎక్కువ తేడా తేగలదు. పైగా కొత్త మందు పోశారని తెలిసిన డ్రైవరు తెలియకుండానే నెమ్మదిగా తోలతాడు. ఒక ట్రిప్పు చూసి 'మందు పని చేసింది' అనడం, ఒక్క బస్తా మచ్చు చూసి లారీ లోడు కొన్నట్లే.

పరీక్షించే పద్ధతి

నికరమైన ఫలితం కావాలంటే ఒకే దారిలో, ఒకే డ్రైవరుతో మూడు ట్రిప్పులు మందు లేకుండా, మూడు మందుతో, మళ్లీ మూడు మందు లేకుండా నడపాలి. ప్రతిసారి ఒకే బంకులో, చదునైన చోట, ఒకే నాజిల్‌తో అంచువరకు నింపించాలి. కాటా చీటీలు జాగ్రత్త చేసి బరువులు సరిచూడాలి. టైర్లలో గాలి ప్రతి ట్రిప్పుకు ముందు కొలిపించాలి. మందు ఏ ట్రిప్పులో పోశారో గుమాస్తాకు తప్ప డ్రైవరుకు తెలియనివ్వరాదు. మూడేసి ట్రిప్పుల కిలోమీటర్లు, లీటర్లు మొత్తం కూడి భాగించాలి. ట్రిప్పుకొక లెక్క వేయరాదు. రెండు బండ్లు ఒకే దారిలో ఉంటే రెండవదానికి మందు పోయకుండా పక్కన నడిపిస్తే మరీ మంచిది. శుభ్రపరచే మందు ప్రభావం సీసా అయిపోయిన తరువాత కూడా కొంతకాలం ఉంటుంది. కనుక చివరి మూడు ట్రిప్పులలో మైలేజీ వెంటనే పడిపోలేదని మందును తప్పుపట్టనక్కరలేదు.

అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఇంధనం ఆదా చేస్తాయని చెప్పుకునే పరికరాలను, మందులను 100కు పైగా పరీక్షించింది. బహు కొద్దివాటిలో మాత్రమే లాభం కనిపించింది, అదీ స్వల్పంగా. '20 శాతం ఆదా' అన్న ముద్రను ఈ ఫలితం పక్కన పెట్టి చూడాలి.

ఏజెన్సీ తీసుకోదలచినవారికి

1996లో తమిళనాడులో 'మూలికా పెట్రోలు' పెద్ద సంచలనం కలిగించింది. నీటిలో మూలికలు వేస్తే పెట్రోలవుతుందని ప్రదర్శించి చూపారు. దరిమిలా దానిని ఇంధనంగా అమ్మకానికి కూడా పెట్టారు. కేసు ఏళ్ల తరబడి నడిచి 2016లో చెన్నై కోర్టు దాని కర్తకు మూడేళ్ల జైలు శిక్ష విధించింది. కళ్లెదుట చూపిన ప్రదర్శన రుజువు కాదని వర్తకులు దీనినుంచి గ్రహించాలి.

డిపాజిట్టు కట్టే ముందు కంపెనీవారిని ఈ కాగితాలు అడగాలి. ఒకటి, ఎన్ని లీటర్లకు ఎంత మందు అన్న పాళం, లోహాలు లేవన్న రాతపూర్వక హామీ. రెండు, సరుకు భద్రతా పత్రం. అందులో మండే ఉష్ణోగ్రత ఉంటుంది. పెట్రోలియం చట్టం ప్రకారం అది 23 డిగ్రీల లోపయితే ఎ తరగతి, 23 నుంచి 65 లోపు బి తరగతి, 65 నుంచి 93 లోపు సి తరగతి. తరగతిని బట్టి ఎంత నిల్వ ఉంచవచ్చో, లైసెన్సు కావాలో లేదో తేలుతుంది. గోదాము భీమా కూడా దీనిమీదే ఆధారపడుతుంది. మూడు, పరీక్షా నివేదిక పూర్తి ప్రతి. పుణేలోని ఎ.ఆర్.ఎ.ఐ., డెహ్రాడూన్‌లోని భారత పెట్రోలియం సంస్థ వంటి వాటి పేరు చెబితే, అక్కడ పరీక్షించినది మైలేజీనా, లేక మందు సాంద్రత, రంగులనా అని చదివి చూడాలి. రెండవ రకం నివేదికను మొదటి రకంగా చలామణీ చేయడానికి వీలున్నది. నాలుగు, సీసామీద తయారీదారు చిరునామా, నికర పరిమాణం, గరిష్ఠ ధర, తయారైన నెల. ఇవి తూనికలు కొలతల నిబంధనల ప్రకారం తప్పనిసరి. ఐదు, అమ్ముడుపోని సరుకు వెనక్కు తీసుకొనే షరతు, దానికి గడువు. ఈ ఐదవదానికి జంకే కంపెనీ తన సరుకును తానే నమ్మడం లేదని అర్థం.

గ్యారంటీ గడువులో ఉన్న బండి యజమానికి సీసా అమ్మేముందు బండి పుస్తకం చూడమని చెప్పడం వర్తకుని ధర్మం. తయారీదారు ఆమోదించని మందులు పోయవద్దని చాలా పుస్తకాలలో స్పష్టంగా ఉంటుంది. ఇంజక్టరు పోతే గ్యారంటీ కూడా పోవచ్చు. ఆ ఖాతాదారు మళ్లీ ఆ షాపు గడప తొక్కడు.

సారాంశం

కొత్త బి.ఎస్.-6 లారీకి నమ్మకమైన బంకు డీజిల్, వేళకు ఫిల్టరు మార్పు, టైర్లలో సరైన గాలి చాలు, సీసా అక్కరలేదు. పొగ వస్తూ, లాగుడు తగ్గిన పాత బండికి ముందు మెకానిక్కు చేత ఇంజక్టర్లు చూపించి, మసి అని తేలితే శుభ్రపరచే మందు కొన్ని ట్యాంకులకు వాడి చూడవచ్చు. నిల్వ ట్యాంకులున్న కోల్డ్ స్టోరేజీలు, మిల్లులు వానాకాలానికి ముందు నీరు దించి, అవసరమైతే సూక్ష్మజీవుల మందు వేయించుకోవడం లాభసాటి. మంచుకొండల దారి పట్టే లారీకి చలిమందు, లేదా అక్కడి చలి డీజిల్. స్కూటర్లు, కార్లకు పుస్తకంలో చెప్పిన పెట్రోలు. ఇవికాక మిగిలిన సీసాలను, ఎంత ముదరా ఇస్తామన్నా, తొమ్మిది ట్రిప్పుల లెక్క చిట్టాలో తేలేవరకు కొనకుండా ఉండటం మంచిది.